రెడీమేడ్ భూగోళము

నాడు–నేడు బడుల పథకము పుణ్యమా యని తరగతి గోడకెక్కిన డిజిటల్ తెరపై వేలు తాకించిన మాత్రమున నైలునది డెల్టా రంగురంగులుగా విప్పారుచుండ, 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతివారికి పాఠములు నింపి పంచిన ట్యాబు చేతిలో వెలుగుచుండ, శ్రీకాకుళము నడుమ పారు నాగావళి యెచట సముద్రమున గలయునని యడిగిన, పొరుగుననే యున్న కళ్లేపల్లి పేరు తోచక బాలుడు “ఆ వీడియో రాలేదండి” యనుచున్నాడు! ఇక ప్రక్కనే వ్రేలాడు పాత పటములో, 2022 ఏప్రిల్ 4న మన్యము జిల్లాకు కేంద్రమైన పార్వతీపురము నేటికిని విజయనగరము జిల్లాలోనే కాపురమున్నది. క్రొత్త పటమునకు నిధులు లేవని విచారమేల? ఉన్నదానిని చరిత్ర మాస్టారికి బదిలీ చేసిన సరిపోవును గదా!