ఎంతవరకు వచ్చారు?

నా ఒంట్లోని కాగితాలన్నీ ఒక్కసారే అచ్చయినవి కావు. కొన్ని 1957లోవి, కొన్ని 1958లోవి. మద్రాసు నుంచి గోరాశాస్త్రిగారి సంపాదకత్వంలో వచ్చే ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రికలో అప్పట్లో డాక్టర్ పి. శ్రీదేవి నవల ‘కాలాతీత వ్యక్తులు’ సీరియల్‌గా వచ్చింది. విశాఖపట్నం మహారాణిపేటలో ఇంటర్మీడియట్ చదివే ఒక అమ్మాయి ఆ పేజీలను వారం వారం పత్రికలోంచి ఊడదీసి ట్రంకుపెట్టెలో దాచింది. నవల పూర్తయ్యాక పూర్ణా మార్కెట్ దగ్గర బైండింగ్ చేసే పెద్దాయన చేతికిచ్చింది. ఆయన సూదీ దారంతో కుట్టి, మైలుతుత్తం కలిపిన మైదాజిగురు రాసి, ముదురాకుపచ్చ కాలికో గుడ్డ అట్ట వేశాడు. అలా పుస్తకాన్నయ్యాను.

దుకాణంలో దొరికే ప్రతికీ నాకూ తేడా నన్ను తెరిస్తే తెలుస్తుంది. ప్రతి భాగం చివరా సశేషం. దాని వెనకవైపు నవలతో సంబంధం లేని సరుకు: ఎవరిదో కథలో మొదటి సగం, పాఠకుల ఉత్తరాల్లో తోకలు, తలనూనె ప్రకటన. ఆ సగం కథ ఏమైందని నన్ను చదివిన ప్రతివాళ్లూ అడుగుతారు. మిగతా సగం నాలో లేదు.

మధ్యలో ఒక భాగం మాత్రం అచ్చుపేజీల్లో లేదు, చేతిరాతలో ఉంది. ఆ వారం వచ్చిన చుట్టమెవరో రైల్లో చదువుకుంటానని పత్రిక పట్టుకెళ్లిపోయారు. అమ్మాయి పక్కింటివాళ్ల ప్రతి ఒక్క రాత్రికి అడిగి తెచ్చుకుంది. ముందు చదివేసి తరవాత రాయొచ్చు. అంత ఓపిక ఎక్కడిది? చదువుతూనే రాసేసింది. మొదటి పేజీలో అక్షరాలు గుండ్రంగా, ఒద్దికగా ఉంటాయి. కథ బిగుసుకునే కొద్దీ తలకట్లు గాల్లోకి లేస్తాయి, వరసలు కుడివైపుకి ఎక్కుతాయి, ఒత్తులు పక్కమాట మీదికి జారతాయి. ఆఖరి పేజీకొచ్చేసరికి వరసకి నాలుగు మాటలే పట్టాయి. పదిహేడేళ్ల పిల్ల ఒక నవలని మొదటిసారి చదివిన వేగం నీలం సిరాలో అలాగే ఉండిపోయింది. నా ఒంట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలవే.

సీరియల్ రోజుల గురించి కొంచెం చెప్పాలి. పుస్తకంగా కొన్న నవలని ఒకరు రెండు రాత్రుల్లో ముగిస్తారు, ఒకరు రెండు నెలలు చదువుతారు. సీరియల్ అలా కాదు. ఊళ్లో అందరూ ఒకే వారం ఒకే మలుపు దగ్గర నిలబడేవాళ్లు. ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర, మేడమీద గదిలో అద్దెకుండే మెడికల్ విద్యార్థి ప్రకాశం, అతని స్నేహితుడు కృష్ణమూర్తి, కల్యాణి, వసుంధర: వీళ్లు వచ్చేవారం ఏంచేస్తారో ఎవరికీ తెలీదు. వాలుకుర్చీలో నాన్నగారికి తెలీదు, కాలేజీ బెంచీ మీద స్నేహితురాళ్లకి తెలీదు. తెలీదు కాబట్టే మాట్లాడుకునేవాళ్లు. ఇందిర మంచిదా, స్వార్థపరురాలా అని అక్కాచెల్లెళ్లు అన్నం దగ్గర పోట్లాడుకునేవాళ్లు. నవల చదివేసినవాడు తీర్పు చెప్తాడు. చదువుతున్నవాడు ఊహిస్తాడు, భయపడతాడు, వాదిస్తాడు, మర్నాడు మాట మార్చుకుంటాడు. నాకు చదువుతున్నవాడి మాటే ప్రాణం. నేను అలాంటి మాటల మధ్య పుట్టాను.

నన్ను రాసిన శ్రీదేవిగారు అనకాపల్లిలో పుట్టారు. వృత్తి వైద్యం. 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే పోయారు. రెండేళ్లకి ఈ నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘చదువుకున్న అమ్మాయిలు’ విడుదలైంది. ఆవిడ దాన్ని చూడలేదు. ఇంకో నాలుగైదు నవలలు రాయాల్సిన మనిషి. ఆ లోటు తెలుగు నవల ఇప్పటికీ తీర్చుకోలేదని నా గట్టి నమ్మకం.

కెనడా వలస నిబంధనల్లో పాయింట్ల పద్ధతి 1967లో వచ్చింది. చదువు, వయసు, వృత్తి చూసి మార్కులేసి రానిచ్చే ఆ పద్ధతి వల్ల మనవాళ్లలో ఇంజనీర్లకీ డాక్టర్లకీ దారి తెరుచుకుంది. డెబ్భైల్లో మా అమ్మాయి, అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి, భర్త ఉద్యోగం కోసం విన్నిపెగ్ వచ్చింది. పెట్టెలో నా పైన ఊరగాయ జాడీ, కింద పట్టుచీర.

విన్నిపెగ్‌లో నన్ను ఏడాదికోసారి తెరిచేది. విశాఖలో ఉన్న స్నేహితురాలికి ఏరోగ్రామ్ రాసేది: నేను మళ్లీ కల్యాణి దగ్గరికొచ్చాను, నువ్వేం చదువుతున్నావు, అని. జవాబు వచ్చేసరికి వారాలు గడిచేవి. అప్పటికి కల్యాణీ అయిపోయేది, ఆ తరవాత పుస్తకమూ అయిపోయేది. ఎంత ప్రేమగా రాసినా, చదువుతూ ఉండటమనే స్థితి అంత దూరం ప్రయాణం చెయ్యలేదు. ఆ బాధ నేను దగ్గరుండి చూశాను.

అక్కడ ఆవిడకి మొదట దొరికిన తోడు పక్కింటి కెనడియన్ ముసలమ్మ. మా అమ్మాయి లైబ్రరీ నుంచి మార్గరెట్ లారెన్స్ నవల ‘ద స్టోన్ ఏంజెల్’ తెచ్చుకుంది. 1964లో వచ్చిన పుస్తకం. లారెన్స్ విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలోనే నీపావా అనే చిన్న ఊరి మనిషి. వేసవి సాయంత్రం పెరట్లో కూర్చుని చదువుతుంటే కంచె అవతల నుంచి ముసలమ్మ అట్ట చూసి, ఎంతవరకు వచ్చావని అడిగింది. ఆ ప్రశ్న ఆ దేశంలో ఆవిడని ఎవరైనా అడగడం అదే మొదలు. తొంభయ్యేళ్ల హేగర్ షిప్లీ, ఎవరికీ తల వంచని మనిషి, ప్రేమ నోట రాని మనిషి. ఆవిడ గురించి ఇద్దరూ ఆ ఎండాకాలమంతా కంచెకి ఇటూ అటూ నిలబడి మాట్లాడుకున్నారు. మా అమ్మాయి నన్ను బయటికి తెచ్చి, ఈ పుస్తకంలోనూ ఒక ఆడమనిషి ఉంది, ఆవిడ గురించి మా ఊళ్లో ఇలాగే దెబ్బలాడుకునేవాళ్లం అని ఇందిర కథ ఇంగ్లీషులో చెప్పింది. భాగం చివర ఆపేది. ముసలమ్మ మర్నాడు వచ్చి తరవాతేమైందని అడిగేది. తెలుగు అక్షరం ముక్క రాని మనిషి నా కోసం ఎదురుచూసిందంటే నాకు ఇప్పటికీ గర్వమే.

విన్నిపెగ్ తరవాత టొరంటో దగ్గరి మిస్సిసాగా. మధ్యలో చాలా ఏళ్లు బేస్‌మెంట్ అలమరలో ఉన్నాను. వాటి గురించి చెప్పడానికేమీ లేదు.

మిస్సిసాగా, బ్రాంప్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు పెరిగాక, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూడటం మొదలైంది. మా అమ్మాయి అందరికీ మామ్మగారైంది. వాళ్లలో ఒకరు అంతకుముందు విండ్సర్‌లో ఉండి, నది దాటి డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి సమావేశాలకు వెళ్లొచ్చినవారు. 1998 నుంచి నడుస్తున్న ఆ సమితిలో నెలకొక పుస్తకం తీసుకుని, అందరూ చదివివచ్చి, లోతుగా చర్చిస్తారు. ఇక్కడా అదే పెడదామన్నారాయన. మామ్మగారు, పెట్టండి నాయనా, కానీ మొదటి గంట నాకు వదిలెయ్యండి అన్నారు. ఆ గంటలో చదివేసిన పుస్తకం గురించి మాట్లాడకూడదు. ఇప్పుడు చేతిలో ఏముంది, ఎంతవరకు వచ్చారు, ఎక్కడ ఆగారు, ఎందుకాగారు, అంతే. ముగింపు తెలిసినవాళ్లు నోరు విప్పకూడదు.

ఆ గంట ఎలా ఉంటుందో ఒక్క సాయంత్రం చెప్తాను. బయట జనవరి మంచు, లోపల పులిహోర. ఖమ్మం నుంచి వచ్చిన కుర్రాడు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ సగంలో ఉన్నాడు. 1969 నాటి నవల, నిజాం పాలనలో తెలంగాణ పల్లె. మా తాత ఈ మాటలే మాట్లాడేవాడు, అందుకే గబగబా చదవబుద్ధి కావట్లేదు అన్నాడు. డౌన్‌టౌన్‌లో పనిచేసే ఒకావిడ మైకేల్ ఒండాట్జీ ‘ఇన్ ద స్కిన్ ఆఫ్ ఎ లయన్’ మొదలుపెట్టింది. 2002లో సీబీసీ రేడియో ‘కెనడా రీడ్స్’ పెట్టినప్పుడు మొదట గెలిచిన నవల అది. టొరంటోలో బ్లూర్ వయాడక్ట్ కట్టిన వలస కూలీల కథ. 1918లో పూర్తయిన ఆ వంతెనకి, ఎప్పటికైనా రైలు వస్తుందని, కిందనే ఇంకో అంతస్తు కట్టి ఉంచారు. దాని మీద సబ్‌వే నడిచింది 1966లో. ఆవిడ రోజూ ఆ రైల్లోనే ఆఫీసుకెళ్తుంది. కడుతున్న వంతెన మీంచి ఒక సన్యాసిని గాల్లోకి కొట్టుకుపోయే చోటు చదువుతుంటే, తల ఎత్తితే కిటికీలో అదే లోయ. చెయ్యి వణికిందండీ, పుస్తకం మూసేశాను, అంది. అందరూ కాసేపు ఆ రైల్లో కూర్చున్నారు.

ఇంకొకాయన రోహింటన్ మిస్త్రీ ‘ఎ ఫైన్ బ్యాలెన్స్’లో ఎమర్జెన్సీ రోజుల దగ్గర ఆగిపోయాడు. మిస్త్రీ 1975లో బొంబాయి నుంచి వచ్చి, టొరంటో బ్యాంకులో గుమాస్తాగా పనిచేస్తూ రాయడం మొదలుపెట్టిన మనిషి. ఈ నవలకి 1995లో గిల్లర్ బహుమతి వచ్చింది. దర్జీల మీద ఇంక దెబ్బ పడితే చదవలేనండీ, పడుతుందా చెప్పండి, అని ఆయన బతిమాలాడు. ఆ గదిలో ముగ్గురికి తెలుసు. ముగ్గురూ పులిహోర పళ్లేల్లోకి చూశారు. మామ్మగారు మాత్రం, మీరొక్కరూ చదవకండి, వారం వారం నాకు ఫోన్ చేసి చదివినంత మేరకు చెప్పండి, నేనూ మీతోపాటు ఉంటాను అన్నారు. ఆయన అలాగే పూర్తి చేశాడు. చేసిన రోజు ఫోన్లో చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదని మామ్మగారు తరవాత చెప్పారు.

నేను చేతులు మారడం ఆ బృందం వల్లనే మొదలైంది. ‘కాలాతీత వ్యక్తులు’ పుస్తకంగా దొరుకుతుంది, హాయిగా కొనుక్కోవచ్చు. అయినా నన్నే అడుగుతారు. కారణం నాకు తెలుసు. 1957లో సంపాదకుడు ఎక్కడ తెగ్గొట్టాడో నాలో అక్కడే తెగుతుంది. మహారాణిపేట అమ్మాయి ఏ వాక్యం దగ్గర వారం రోజులు కొట్టుకులాడిందో, బ్రాంప్టన్‌లో చదివే మనిషి సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగుతాడు. నన్ను తీసుకున్నవాళ్లు రోజుకొక భాగం కంటే చదవరు. అది ఎవరూ పెట్టని నియమం.

వాళ్లలో ఒక డాక్టరమ్మ గురించి చెప్పాలి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివింది. ఇక్కడ లైసెన్సు పరీక్షలకు చదువుతూ ఒక క్లినిక్ రిసెప్షన్‌లో పని చేస్తుండేది. గో అనే లోకల్ రైల్లో వెళ్తూ వస్తూ నన్ను చదివేది. ప్రకాశం పుస్తకాల ముందు కూర్చున్న చోటికొస్తే, సంచీలో ఉన్న తన పరీక్ష పుస్తకం గుర్తొచ్చి నిట్టూర్చేది. చేతిరాత భాగం వచ్చిన రోజు దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఆ పేజీ ఫోటో తీసి అందరికీ పంపి, మామ్మగారూ, ఇక్కడ మీ చెయ్యి ఎందుకింత పరిగెత్తింది, నాకు భయంగా ఉంది, పేజీ తిప్పనా వద్దా అని అడిగింది. ఎనభై దాటిన మామ్మగారు తన పదిహేడేళ్ల అక్షరాలు చూసుకుని, తిప్పమ్మా, నేను తిప్పాను కదా అని జవాబిచ్చారు. ఆ తరవాత బృందమంతా అర్ధరాత్రి దాకా ఇందిర గురించి వాదించుకున్నారు. ఒకరు తిట్టారు. ఒకరు, తండ్రిని మోసే ఆడపిల్లని తిట్టడానికి మీకేం హక్కని విరుచుకుపడ్డారు. నేను డాక్టరమ్మ బల్ల మీద తెరిచి ఉండి అన్నీ విన్నాను. మహారాణిపేటలో అన్నం దగ్గర విన్న మాటలే, కొన్నయితే అక్షరం పొల్లుపోకుండా.

ఇక్కడి చలికాలం నాకు మంచిది కాదు. వారపత్రిక కాగితం చవక గుజ్జుది, లోపలున్న ఆమ్లమే దాన్ని తినేస్తుంది. ఇళ్లల్లో ఫర్నేస్ వేస్తే గాలి ఎండిపోయి అంచులు పెళుసెక్కుతాయి. పేజీ మూల మడిస్తే విరిగి చేతిలోకి వస్తుంది. అందుకని ఖమ్మం కుర్రాడు నన్ను మెల్లగా, ప్రకటనలతో, సగం కథతో, చేతిరాతతో సహా స్కాన్ చేస్తున్నాడు. రచయిత్రి పోయి 60 ఏళ్లు దాటాయి కాబట్టి నవల వరకు హక్కుల పేచీ లేదు.

మామ్మగారి మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. హాలిఫాక్స్‌లో చదువుకుంటోంది. ఆదివారాలు మామ్మగారు నన్ను ఒళ్లో పెట్టుకుని ఫోన్లో ఒక భాగం చదివి వినిపిస్తారు. పోయిన ఆదివారం ఆ పిల్ల మధ్యలో ఆపి, అమ్మమ్మా, ఇందిర తప్పేం లేదు, ప్రకాశానికే ధైర్యం లేదు, అంది. ఇంకా సగం పైనే ఉంది, అప్పుడే తేల్చెయ్యకు, అన్నారు మామ్మగారు. అయితే ఇంకో భాగం చదువు, అందా పిల్ల. లేదు, వచ్చే వారమే. అమ్మమ్మా, ప్లీజ్. మామ్మగారు కళ్లజోడు తీసేసి, ముందు నువ్వు చదువుతున్న నవల సంగతి చెప్పు, ఎంతవరకు వచ్చింది, అని అడిగారు. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది.