నలభై రోజుల ఉపవాసం, స్టేటస్‌లో చూడండి

శ్రమ దినాలు మొదలయ్యాయని నాకు క్యాలెండర్ చెప్పదు, వాట్సాప్ స్టేటస్ చెప్తుంది. భస్మ బుధవారం తెల్లారేసరికి మా పాలమూరు తమ్ముళ్లు వరుసబెట్టి ప్రకటిస్తారు: "నలభై రోజులు సోషల్ మీడియాకు సెలవు. నా కొరకు ప్రార్థించండి." ముళ్ల కిరీటం బొమ్మ, దాని పక్కన సొంత సెల్ఫీ, వెనక ఏడుపు సంగీతం. పదకొండింటికి మళ్లీ లోపలికొస్తాడు, ఎందరు చూశారో లెక్క చూసుకోవడానికి. సాయంత్రం "ప్రభువు కృపవల్ల మొదటి రోజు గడిచింది" అని ఇంకోటి. ఉపవాసముంటే తలకు నూనె రాసుకుని, ముఖం కడుక్కుని, ఎవరికీ తెలియకుండా ఉండమని కొండమీద ప్రసంగంలో ఉంది. సండే స్కూల్లో దాన్ని కంఠతా చెప్పి బహుమతి కొట్టేసిన పిల్లలే వీళ్లు. కొందరి భక్తి ఇంకా సూక్ష్మం: బైబిల్ యాప్‌లో స్ట్రీక్ తెగకూడదని రాత్రి 11.58కి ఒక వచనం తెరిచి, మూసి, మళ్లీ రీల్స్‌లోకి పోతారు.

పిల్లల్నే అంటే పాపం. నేర్పిందెవరు? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి చర్చిలు మూతబడ్డప్పుడు ఫోనే చర్చి అయింది. అప్పటికి వేరే దారి లేదు. లాక్‌డౌన్ పోయింది గానీ మూడు కాళ్ల స్టాండు మాత్రం పుల్పిట్ ముందు నుంచి కదలలేదు. అయ్యగారు దాని వైపే చూస్తూ "యవ్వనస్తులారా, ఫోను సాతాను వల!" అని గర్జిస్తారు. ఆ గర్జనను ముప్పై సెకన్ల ముక్కగా కోసి, పాట తగిలించి, అదే వలలోకి విసిరేది యూత్ సెక్రటరీ. కింద "సబ్‌స్క్రైబ్ చేసి గంట కొట్టండి" అని రాసి ఉంటుంది. మా చిన్నప్పుడు గంట చర్చి గోపురంలో ఉండేది.

రోమ్‌లోనూ ఇదే గోల. 2017 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్, పూజలో గురువు హృదయాలను పైకెత్తమంటాడు గానీ ఫోన్లను కాదు అని మందలించారు. ఫోన్లు ఎత్తేవాళ్లలో గురువులు, బిషప్పులు కూడా ఉన్నారని వాపోయారు. 2025 సెప్టెంబరులో పునీతుడైన కార్లో అకూటిస్ అనే ఇటలీ కుర్రాడు వీడియో గేముకు వారానికి గంటే కేటాయించుకున్నాడట. అతని మీద వచ్చే రీల్స్‌ను మనం అంతకంటే ఎక్కువసేపే చూస్తున్నాం.

రోమ్ సంగతి అటుంచి, మన చర్చి వంశం సంగతి కాస్త తిరగేద్దాం. రష్యా నుంచి వచ్చిన జర్మన్ మెనోనైట్ అబ్రహాం ఫ్రీసన్ 1890లో నల్లగొండలో మిషన్ పని మొదలుపెట్టాడు. 1937లో మహబూబ్‌నగర్ మిషన్ బాప్టిస్టుల చేతినుంచి మెనోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చింది. చర్చి బోర్డు మీద "ఎం.బి." అన్న రెండక్షరాలు అందుకే. ఆ అక్షరాలకు అమెరికాలో దూరపు దాయాదులున్నారు: ఆమిష్ వాళ్లు, 1693లో వేరుపడ్డ పాయ. గుర్రపు బండ్లెక్కి తిరుగుతారని మనకు నవ్వు. వాళ్లు ఫోను ముట్టరనుకుంటే మాత్రం పొరపాటు. వాళ్లలో పాత పద్ధతివాళ్లు ఫోనును ఇంట్లోకి రానివ్వరు. బయట చిన్న గది కట్టి, నాలుగైదు ఇళ్లకు కలిపి అందులో పెడతారు. పనిపడితే నడిచిపోవాలి. అలాంటి చిన్న గది మన ఇళ్ల వెనకా ఉంటుంది. మనం ఆ గదిలోకి కూడా ఫోను పట్టుకుపోతాం, అంతే తేడా.

ఆమిష్ వాళ్లలో ఏ యంత్రం ఎక్కడిదాకా రావాలో సంఘమంతా కూర్చుని తేలుస్తుంది. మనం మాత్రం పదిహేడేళ్ల పిల్లాణ్ణి ఒంటరిగా నిలబెట్టి "నిగ్రహించుకో" అంటాం, మనం గుడి నిండా ఎల్‌ఈడీ తెర కట్టించుకుని.

"ఫోన్లు పగలగొట్టండి" అనే వాక్యం చెప్పబోయే ముందు అయ్యగారు ఒకసారి కోస్గి, మద్దూరు వైపు పోయి రావాలి. అమ్మానాయిన ముంబైలో మట్టి పనికి పోయారు, బిడ్డ అవ్వ దగ్గర. రాత్రి తొమ్మిదికి తెర మీద తల్లి కనబడి "తిన్నవా బిడ్డా" అంటేనే ఆ పిల్లకు ఆ పూట గడిచినట్టు. ఆ ఫోను గుంజుకుంటే తల్లిని గుంజుకున్నట్టే. పేచీ అంతా తొమ్మిదింపావు తర్వాత. తల్లి పెట్టేస్తుంది, తెర మాత్రం ఆగదు. వేలు పెట్టి జరుపుతున్నకొద్దీ కిందికి పోతూనే ఉండేలా 2006లో ఆ ఏర్పాటును రూపొందించిన ఆజా రాస్కిన్, ఎందుకు చేశానా అని తర్వాత తనే నొచ్చుకున్నాడు. మా పాలమూరు బావులకైనా ఎండాకాలంలో అడుగు కనబడుతుంది. దీనికి ఏ కాలంలోనూ కనబడదు. పైగా 2016లో జియో వచ్చాక చేద, తాడు కూడా ఉచితంగా ఇచ్చారు.

మరి నిజంగా ఎదురీదే పిల్లలు లేరా? ఉన్నారు. నల్లగొండ అవతల ఒక పల్లెలో యవ్వనస్తుల కూడికకు పోయాను. గుమ్మం దగ్గర స్టీలు బేసిను. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఫోను ఆపి అందులో వేసి, చెప్పులు విడిచి లోపలికొస్తున్నారు. ఏదైనా రాసుకోవాల్సి వస్తుందన్న సాకుతో నాది జేబులోనే దాచుకున్నాను. వాకిట్లో కూర్చున్న ఇంటర్ పిల్ల చూసింది. "అంకుల్, మీది గూడ ఏయుండ్రి" అంది. వేశాను. రెండు గంటలు అంచులు చిరిగిన కీర్తనల పుస్తకంలోంచి శృతి తప్పుతూ పాడారు, ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకున్నారు, బొరుగులు తిన్నారు. ఎవరూ ఫొటో తీయలేదు. అందుకే ఆ కూడిక గురించి మీరెవరూ వినలేదు. మొదటి అరగంటలో నా చెయ్యి ఎన్నిసార్లు ఖాళీ జేబులోకి పోయిందో మాత్రం అడగొద్దు.

అయ్యగారూ, వందనాలు. వచ్చే ఆదివారం ముందు ఆ మూడు కాళ్ల స్టాండు తీయించండి. గుమ్మం దగ్గర బేసిను పెట్టి, మొదటి ఫోను మీదే వేయండి. పిల్లల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.