చుబుక విజయం

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని పెద్దలు కట్టడి చేశారు. నా గడ్డానికి అంత సామగ్రి లేదు. సముద్రం ఉంది, వేణ్నీళ్ల మగ్గులో. పర్వతం ఉంది, గుటక వేసినప్పుడల్లా కదిలే గొంతుముడి. సూర్యోదయం పక్కింటి నీళ్ల ట్యాంకు చాటున జరిగి, స్నానాలగది వెంటిలేటర్లోంచి తెలుస్తుంది. మధుపానానికి బదులు కాఫీ. తక్కిన వర్ణనలు ఎగ్గొట్టి నాయకుణ్ణి ప్రవేశపెడతాను.

ఆయన పిడిలోకి మడుచుకునే మంగలి కత్తి. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అయిదు భాగాల వెడల్పు. రాజుగారి కత్తికి పేరుంటుంది గానీ కొలత ఎవరికీ తెలియదు. ఈయనకు పేరు లేదు, కొలతే బిరుదు.

వంశం ఘనమైనది. 1740ల్లో షెఫీల్డ్ ప్రాంతంలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మూసలో ఉక్కు కరిగించాడని ఇంగ్లీషువాళ్లు పొంగిపోతారు. అంతకు చాలా ముందే మన దక్కనులో మట్టి మూసల్లో ఉక్కు దిగుతోంది. నిజామాబాద్ వైపు కోనసముద్రానికి పారశీక వర్తకులు వచ్చి మరీ కొనుక్కుపోయేవారు. ఆ జాతి ఉక్కు లండన్ చేరి, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల వ్యాపారిని వలలో వేసుకుంది. ఆయన మైకేల్ ఫారడేను కలుపుకుని, ఉక్కులో వెండీ ప్లాటినమూ కలిపి చూసి, ఆ సంగతులు 1820లో అచ్చు వేయించాడు. ఫారడే తమ మిశ్రమలోహంతో క్షురకత్తులు చేయించి మిత్రులకు కానుకలిచ్చాడు. విద్యుత్తును తీగలో నడిపించిన మహానుభావుడు చెంపల్ని మరిచిపోలేదు. నా కత్తి జర్మనీలోని జోలింగెన్‌లో పుట్టిందే అయినా, కోనసముద్రాన్ని మేనమామ ఊరుగానే లెక్కేస్తాను. కాదనడానికి దానికి నోరు లేదు, అంచే ఉంది.

ఇక కుకవి నింద. ఆచారం గనుక తప్పదు. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంటు సంపాదించి, పారేసే బ్లేడుతో మగజాతికి కత్తి నూరుకునే పని తప్పించాడు. జనం దండం పెట్టారు. నాకు మాత్రం గడ్డం మీదకన్నా ఆ నూరుకోవడం మీదే మమకారం. ఇప్పుడు సెలూన్లలో కూడా మడత కత్తి ఆకారమే మిగిలింది, లోపల సగానికి విరిచిన బ్లేడు. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదు కదా, ఆరోగ్యానికి అదే మంచిది. కావ్యానికే నష్టం.

ఆయుధపూజ తోలుపట్టీ దగ్గర. పట్టీని తలుపు గొళ్లానికి తగిలించి, ఎడమచేత్తో బిగలాగి, ముందు గుడ్డ వైపు, తరవాత తోలు వైపు నడిపించాలి. వెన్ను ముందు నడుస్తుంది, వాదర వెనక వస్తుంది. రాజు ముందు, సైన్యం వెనక. మలుపు దగ్గర వెన్ను మీదే దొర్లించి తిప్పాలి. వాదర మీద తిప్పితే తోలుకు గాటు పడుతుంది, అది జన్మంతా మన మొహంలోకి చూస్తూ ఉంటుంది. పట్టీతో సరిపోని రోజున బెల్జియం పసుపు రాయిని దించుతాను. ఆర్డెన్ కొండల్లో దొరికే రాయి అది. చిక్కటి గంధంలా అరగదీస్తే చురుగ్గా కోస్తుంది, నీళ్లు పోసి పల్చన చేస్తే బుజ్జగిస్తుంది. ఇంత సౌమ్యమైన రాయి మీద తొందరపడేవాళ్లకు కత్తి ఇవ్వకూడదని నా అభిప్రాయం.

పూర్వం యూరపులో దొరబాబులకు ఏడు కత్తుల పెట్టె ఉండేది. ఒక్కో కత్తి వెన్ను మీద ఒక్కో వారం పేరు. ఆరు రోజులు విశ్రాంతి, ఒక రోజు కొలువు. ఆ పెట్టె మన ఇళ్లకు వస్తే ఏమయ్యేదో! మంగళవారం కత్తి పుట్టుబ్రహ్మచారి. శుక్రవారం కత్తికి అమ్మ ఆంక్ష. వెంకన్న మొక్కున్న ఇంట్లో శనివారం కత్తికీ సెలవే. మిగిలిన నాలుగూ కూడబలుక్కుని జీతం పెంచమని అడిగేవి.

నురుగు తీయడానికి బ్యాడ్జర్ వెంట్రుకల కుంచె మెత్తన అంటారు. నా ఓటు పంది వెంట్రుకలకే. గడ్డం సముద్రంలో మునిగినప్పుడు పైకెత్తగల వంశం ఏదో పురాణాలు వినేవాళ్లకు నేను చెప్పాలా?

అప్పుడు యుద్ధం. శత్రువు రోజుకు అర మిల్లీమీటరు కూడా ఎదగడు, కానీ ఎన్నిసార్లు చంపినా తెల్లారేసరికి వ్యూహంలో నిలబడి ఉంటాడు. ఎడమచేత్తో చర్మం లాగి, కత్తిని ముప్ఫై డిగ్రీల వాలులో ఆనించి, వెంట్రుకలు వాలిన దిక్కుకే దించాలి. ఇక్కడే కత్తుల కులం తెలుస్తుంది. బద్దలాంటి మందపు కత్తి మౌనంగా కోసుకుపోతుంది, పని మంచిదే, ముచ్చటే ఉండదు. రెండు పక్కలా పల్లం పడేలా సానపట్టిన పల్చటి కత్తి మాత్రం ప్రతి వెంట్రుకకూ సన్నగా మోగుతుంది. చెంప మీద తీగ సాగుతుంది, దవడ మూల దగ్గర శ్రుతి మారుతుంది, గడ్డం కింద గమకం. మన ఊళ్లలో పొద్దున అరుగు మీద పొది విప్పి కత్తి పట్టిన చేతులే సాయంత్రం పెళ్లిపందిట్లో సన్నాయి పట్టేవి. ఆ చేతులకు ఈ నాదం కొత్త కాదు. నేను పల్చటి కత్తిని వదలనిది దీనికోసమే. పదును ఎవరైనా అమ్ముతారు, పాట అమ్మరు.

చుబుకం మాత్రం దుర్గం. అక్కడ శత్రువులు నాలుగు దిక్కులకూ తిరిగి నిలబడతారు, పాట కూడా తడబడుతుంది. ఎదురు గీత నేను గీయను. కోటలో ఇద్దరు ముగ్గురు మిగిలినా ఊరు పడిపోయినట్టే లెక్క. పటిక ముక్క రుద్దితే క్షతగాత్రుల సంఖ్య చురచురమంటూ తనే చెబుతుంది.

మీసంతో మాత్రం సంధి. ఒప్పందం పాతదే, ఎల్లలూ స్పష్టమే. అయినా కుడివైపు సరిహద్దు గింజంత లోపలికి జరిగిందని ఎడమవైపు సవరిస్తాను, ఎడమది ఎక్కువైందని కుడివైపు. మిత్రరాజ్యాలు చిక్కిపోయేది ఇలాగే. బయట తలుపు కొట్టి “ఇంకా కాలేదా నాన్నా?” అనే కేక వినపడ్డాకే సరిహద్దు సర్వే ఆగుతుంది.