ముందుటైము మావయ్య

ప్రతి బంధువర్గంలోనూ ఒక ముందుటైము మావయ్య ఉంటాడు. ఆయనింట్లో ఏ గడియారమూ నిజం చెప్పదు. హాల్లోది పది నిమిషాలు ముందు, వంటింట్లోది పావుగంట ముందు, చేతివాచీ ఎంత ముందో ఆయనకే తెలియాలి. "అలా పెట్టుకుంటేనే రా, రైలు అందేది" అంటాడు. ఇంటిల్లిపాదికీ ఆ లెక్క కంఠతా వచ్చు. టైము చూస్తారు, పది తీసేస్తారు, ఇంకో కాఫీ తాగుతారు. మావయ్యా అంతే. ఎన్ని రైళ్లు తప్పాయో అత్తయ్య చెబుతుంది.

ఆ మావయ్యది కాకినాడ అయితే మరీ కష్టం. మన దేశపు టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆ ఊరికి దగ్గర్లోనే పోతుంది. "దేశం టైమంతా మా ఊరి పక్కనుంచే పోతుంటే, నాకు టైము చెప్పేవాడెవడ్రా!" అంటాడు.

చెప్పేది ఒకటి ఇంటికే వచ్చింది. కొడుకు కొనిపెట్టిన విండోస్ కంప్యూటర్. మామూలుగా అది అప్పుడప్పుడూ ఇంటర్నెట్లో ఒక సర్వర్ని అడిగి టైము సరిచేసుకుంటుంది. మావయ్య పది నిమిషాలు ముందుకు తోస్తాడు, అది వెనక్కి లాగుతుంది. "నా కంప్యూటర్ ముట్టుకున్నదెవరు?" అని ముందు మనవణ్ణి, తర్వాత పనమ్మాయిని, ఆఖరికి అత్తయ్యని నిలదీశాడు.

నింద మోయలేక మనవడే గుట్టు విప్పాడు. సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'డేట్ అండ్ టైమ్', అక్కడ 'సెట్ టైమ్ ఆటోమేటికల్లీ' అనే స్విచ్. మావయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి, మౌసుని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి దాన్ని ఆఫ్ చేశాడు. "ఇప్పుడు రమ్మనండి, ఎవడొస్తాడో!"

ఆనాటి నుంచి మావయ్య మెయిల్ ప్రోగ్రాములోంచి పదీ పదికి పంపిన ఉత్తరం అవతలివాళ్లకి పదింటికే అందుతోంది. చూసినవాళ్లు బుర్ర గోక్కుంటున్నారు.

అసలు దెబ్బ లోపల్నుంచి తగిలింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటుంటుంది, పేరు సీఆర్ 2032. కంప్యూటర్ ఆపేసినా గడియారాన్ని నడిపేది అదే. అది కాస్తా అయిపోయింది. సరిదిద్దే ఇంటర్నెట్‌కి తలుపు మూసేశాడాయె, గడియారం ఏళ్లకేళ్లు వెనక్కిపోయింది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది. మావయ్య కంప్యూటర్ లెక్కన అవేవీ ఇంకా పుట్టనే లేదు. దాంతో ఏ సైటు తెరిచినా బ్రౌజర్ హెచ్చరికే. జగమంతటికన్నా ముందుండే మనిషి కరెంటు బిల్లు గడువు దాటబెట్టి ఫైను కట్టాడు.

రిపేరు కుర్రాడొచ్చి సెల్ మార్చి, "ఆటోమేటిక్ పెట్టేశాను సార్, ఇక మీరు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. అతను గేటు దాటేలోగా స్విచ్ మళ్లీ ఆఫయింది.

మీ మావయ్యకి ఆ స్విచ్ ఎక్కడుందో చూపించకండి. ఇప్పటికే చూపించేసి ఉంటే, ఆయన్ని టైము మాత్రం అడక్కండి.