నిప్పు నిర్దోషి

ఆ రోజు జనగామలో నాకు రెండు పనులున్నాయి. ఒకటి నాది, ఒకటి నాయినది. నాది కాలేజీలో పదిన్నరకు మొదలయ్యే ఉపన్యాసం. విషయం మధ్యయుగపు ఇస్లామీ తత్వశాస్త్రం. హాజరు వేస్తారన్నారు కాబట్టి తప్పదు. నాయినది ఒక ఆఫీసులో కాగితం. మూడు నెలల కింద మా పత్తి కాలిపోయినప్పుడు పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు తయారైందని, వచ్చి పట్టుకుపొమ్మని ఫోనొచ్చింది.

"ఉపన్యాసమంటే ఏందిరా?" అన్నాడు నాయిన, వేపపుల్ల నములుతూ.

"ఒక పెద్దసారు వచ్చి చెప్తడు నాయినా."

"ఏం చెప్తడు?"

"తొమ్మిది వందల ఏండ్ల కిందటి ముచ్చట్లు."

"మంచిదే. మూడు నెలల కిందటిది మాత్రం మర్వకు."

మర్చిపోయేదైతే కదా. పత్తి కొనేచోట తేమ ఎనిమిది శాతం లోపుంటేనే పూర్తి మద్దతు ధర. అక్కణ్నుంచి ఒక్కో శాతానికీ ధరలో కోత. పన్నెండు దాటిందా, బండి వాపసు. ఆ ఏడు సరిగ్గా ఏరే రోజుల్లోనే ముసురు పట్టింది. అందుకని తొమ్మిది క్వింటాళ్ల పత్తిని చేను గట్టున రేకుల షెడ్డు ముందర టార్పాలిన్ల మీద ఆరబోశాం. పైన కరెంటు తీగలు. ఎప్పటి నుంచో చెయ్యెత్తితే అందేటంత కిందికి సాగి, గాలి వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఆ మధ్యాహ్నం గాలి వచ్చింది. టపటపమని చప్పుడైంది. నాలుగు నిప్పురవ్వలు రాలాయి.

పత్తి కాలడం మీరు చూసి ఉండకపోవచ్చు. మంట ముందు పైపైన, నీళ్ల మీద గాలి పోయినట్టు, ఈ చివరి నుంచి ఆ చివరికి జరజరా పాకిపోతుంది. ఆరిందనుకుంటాం. అప్పటికే అది కుప్ప లోపలికి దిగి కూర్చుంటుంది. బిందెలతో కుమ్మరించిన నీళ్లు లోపలికి ఇంకవు. పచ్చిపత్తికి మైనం గుణం ఉంటుంది కదా, పైనుంచే జారిపోతాయి. సాయంత్రానికి మిగిలింది తడిసిన మసి. నాయిన అందులోంచి గుప్పెడు తీసి పాలిథిన్ కవర్లో మూటకట్టి, "దీన్ని గూడ దరఖాస్తుకు కట్టుండ్రి. సాక్ష్యం" అన్నాడు.

హాల్లో నాకు అటొకడు, ఇటొకడు కూర్చున్నారు. ఒకడు పొద్దున్నే రైలెక్కి వచ్చే మానుకోటవాడు. మహబూబాబాద్ అని టికెట్టు మీద ఉంటుంది గానీ వాడి నోట ఎప్పుడూ మానుకోటే. ఇంకొకడు హాస్టల్లో ఉండే భూపాలపల్లివాడు. వాళ్ల నాయిన సింగరేణి గనిలో భూమి లోపలికి దిగే మనిషి.

వచ్చిన సారు రిటైరైన ఆచార్యుడు. మైకు ముందు నిలబడి, సంచిలోంచి పిడికెడు పత్తి, ఒక అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. చివరి బెంచీ దాకా నిద్ర ఎగిరిపోయింది. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది.

"ఈ రెంటినీ కలిపితే ఏమైతది?" అన్నాడు.

"కాలుతది సార్" అని హాలంతా ఒక్క గొంతు.

"ఏది కాలుస్తది?"

"నిప్పు సార్."

"రుజువేంది?"

హాలు నిశ్శబ్దం. సారు నవ్వి, కథలోకి దిగాడు.

ఈ ప్రశ్న వేసినాయన అబూ హామిద్ గజాలీ. 1058లో, ఇప్పటి ఇరాన్‌లోని తూస్‌లో పుట్టాడు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకుని బతికేవాడని చెప్తారు. అంత పేదింటి పిల్లవాడు ముప్పై మూడేళ్లకే బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్యుడయ్యాడు. నిజామియా అనగానే హాల్లో గుసగుస లేచింది. నిజాం రాజ్యంలో దొరల మీద తిరగబడి ప్రాణమిచ్చిన దొడ్డి కొమురయ్య కథ వింటూ పెరిగిన జిల్లాలో ఆ పేరు ఊరికే పోదు. "మన నిజాం కాదు. ఆయనకంటే ఎనిమిది వందల ఏండ్ల ముందటి వజీరు, నిజాముల్ ముల్క్" అని సారు సర్దిచెప్పాడు.

1095లో గజాలీ ఒక పుస్తకం రాశాడు. 'తహాఫుతుల్ ఫలాసిఫా', అంటే 'తత్వవేత్తల తడబాటు'. అరిస్టాటిల్ దారిలో నడిచిన ఫారాబీని, ఇబ్న్ సీనాను ఇరవై ప్రశ్నలతో అందులో నిలదీశాడు. పదిహేడో ప్రశ్న దగ్గర పత్తి వస్తుంది. నిప్పు తగిలింది, పత్తి కాలింది. మన కళ్లు చూసినవి ఈ రెండే. నిప్పు 'వల్ల' పత్తి కాలడాన్ని ఎవరూ చూడలేదు. ఎప్పుడూ రెండూ జంటగా వస్తున్నాయి కాబట్టి మనకు అలవాటైపోయింది. జంటగా రావడం వేరు, ఒకదాని వల్ల ఇంకొకటి రావడం వేరు. కాల్చేవాడు దేవుడు, నేరుగానో దేవదూతల చేతనో. పాపం నిప్పు నిర్దోషి.

మానుకోటవాడు లేచాడు. "సార్, మా మిర్చి తిన్నంక నోరు మండేది మిర్చి వల్ల కాదా?"

హాలు గొల్లుమంది. సారు కూడా నవ్వాడు. "గజాలీ నీ మిర్చి తిననంటడు బిడ్డా. నోరు మండుతదని ఆయనకు తెలుసు. మంటలో చెయ్యి కూడ పెట్టడు. రేపు కూడ గట్లనే అయితదని దేవుడే మనకు తెలివి ఇచ్చిండంటడు. ఆయన అడిగేది ఒక్కటే. నీకు తెలుసు, సరే. రుజువు చెయ్యగలవా?"

నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎంత పదునైన బుర్ర! ఆరు వందల ఏళ్ల తర్వాత స్కాట్లండ్‌లో డేవిడ్ హ్యూమ్ ఇంచుమించు ఇదే ప్రశ్నతో యూరప్‌ను కుదిపాడని సారు అంటుంటే, నోటుబుక్కులో 'జంటగా రావడం రుజువు కాదు' అని రాసుకుని కింద రెండు గీతలు కొట్టాను.

గజాలీ 1111లో పోయాడు. సరిగ్గా పదిహేనేళ్లకు స్పెయిన్‌లోని కార్డోబాలో ఇబ్న్ రుష్ద్ పుట్టాడు. తాత న్యాయమూర్తి, తానూ న్యాయమూర్తే. పైగా వైద్యుడు. గజాలీ పుస్తకాన్ని వాక్యం వాక్యం విప్పి, దానికి 'తడబాటుకే తడబాటు' అని జవాబు రాశాడు. నిప్పుకు కాల్చే గుణం లేదంటే దాన్ని నిప్పని పిలవడం దేనికి? ప్రతిదానికీ ఒక గుణం, ఆ గుణానికో పని. దేనికి ఏది కారణమో పట్టుకోవడమే తెలివి. కారణాలే లేవన్నవాడు తెలివినే లేదంటున్నాడు.

"కోర్టుల కూసున్న మనిషి కదా. కత్తి కత్తే, సావు సావే, రెంటికీ సంబంధం లేదంటే ఇంక తీర్పేం చెప్తడు?" అన్నాడు సారు.

భూపాలపల్లివాడు చెయ్యెత్తాడు. "సార్, మా దగ్గర బొగ్గు కుప్పలు ఎవరూ అంటియ్యకుండనే అంటుకుంటయి. నిప్పే తగల్లేదు. మరి దానికి?"

సారు మొహం వెలిగిపోయింది. "శభాష్. గాలిలో ఉన్న ఆక్సిజన్ తగిలి బొగ్గు లోలోపల వేడెక్కుతది. ఆ వేడి బయటికి పోయే తొవ్వ లేక ఒకనాడు అంటుకుంటది. ఎవరూ అంటియ్యలేదన్నది నిజం. అంటుకునుటకు కారణం లేదన్నది అబద్ధం. కారణం కనబడకపోవుడు వేరు, లేకపోవుడు వేరు."

1195లో ఇబ్న్ రుష్ద్‌ను లుసేనా అనే ఊరికి వెళ్లగొట్టి, ఆయన తత్వగ్రంథాలను తగలబెట్టించారట. వైద్యం, లెక్కలు, ఖగోళం పుస్తకాలను మాత్రం వదిలేశారట. అక్కడ పుస్తకాలు కాలిన మనిషి మాటలు ఇక్కడ అచ్చయ్యాయని చెప్పి సారు ముగించాడు. జనగామలో రైలెక్కితే గంటన్నర దూరం, హైదరాబాద్. అక్కడ 1888లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థ, ఇబ్న్ రుష్ద్ రచనల సంపుటం ఒకటి 1947లో అచ్చువేసింది. ఆ సంస్థ ఇప్పుడు ఉస్మానియా ఆవరణలోనే ఉంది.

చప్పట్లు కొట్టి బయటికొచ్చాం. ఛాయ్ బండి దగ్గర మా ముగ్గురికీ పంచాయితీ. వాళ్లిద్దరూ ఇబ్న్ రుష్ద్ వైపు. నేనొక్కణ్నే గజాలీ వైపు. "మీకు ఆయన ప్రశ్నే అర్థం కాలేదురా" అని కొట్టిపారేశాను.

మూడింటికి ఆఫీసుకు పోయి, రిజిస్టర్లో సంతకం పెట్టి, అతికించిన కవరు తీసుకున్నాను. నాయిన పేరు మీదున్న కవరు నాయిన ముందరే విప్పాలి. మా ఇంట్లో అదొక పద్ధతి.

రాత్రి అన్నాల దగ్గర నాకు ఆగలేదు. కవరు సంగతి పక్కన పెట్టి గజాలీ సంగతి ఎత్తుకున్నాను. నాయిన ముద్ద కలుపుతూ శ్రద్ధగా విన్నాడు.

"అంటే, పత్తిని నిప్పు కాల్చలేదంటడా?"

"కాల్చినట్టు రుజువు లేదంటడు."

"ఎన్నెకరాలు వేసిండాయన?"

"పత్తి వెయ్యలే నాయినా. వాళ్ల నాయిన ఉన్ని వడికేటోడట."

"గదీ సంగతి" అన్నాడు నాయిన, చిక్కుముడి విడిపోయినట్టు. "ఉన్ని తొందరగ అంటుకోదు. పత్తోళ్ల ఇంట్ల పుడితే గట్ల అనకపోవు."

అమ్మ మజ్జిగ పోస్తూ, "ఆ రెండో ఆయన, జడ్జిసారు, ఆయన మాట మంచిగున్నది" అంది.

"మీకు చెప్తే అర్థం కాదమ్మా. కాలిందా లేదా అని కాదు అడిగేది. రుజువు..." అంటూ నేను అందుకునేలోపే, నాయిన చెయ్యి కడుక్కొని వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. "ఆయనది అయింది గదా. ఇగ మనది చదువు."

కవరు చించి, లైటు కిందికి జరిగి, గట్టిగా చదివాను.

"ఒకటి. ఘటన జరిగిన సమయమున సదరు స్థలముపై విద్యుత్ తీగలు ఉన్న మాట వాస్తవము. రెండు. అదే సమయమున, అదే స్థలమున పత్తి దగ్ధమైన మాట వాస్తవము. మూడు..."

మూడో అంశం దగ్గర నా గొంతు పట్టేసింది.

"ఆగినవేందిరా? చదువు."

"మూడు. అయితే మొదటిదాని వల్లనే రెండవది జరిగినట్లు రుజువు లేదు. నాలుగు. దరఖాస్తుదారు జతపరచిన నల్లని పదార్థము ఏమిటో నిర్ధారణ కాలేదు. కావున పరిహారము ఇచ్చుటకు వీలుపడదు."

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. కవరు అడుగున ఇంకేదో ఉన్నట్టు తగిలితే దులిపాను. నాయిన కట్టిన మసి మూట. ముడి కూడా విప్పలేదు.

నాయిన కాగితం తీసుకుని, చదువు రాకపోయినా పై నుంచి కింది దాకా చూసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"గజాలీ సారు ఎప్పుడు సచ్చిపోయిండంటివి?"

"1111ల నాయినా."

"సచ్చిపోలే బిడ్డా" అన్నాడు నాయిన. "బదిలీ మీద మన దిక్కే వచ్చిండు."