మబ్బుబావి పద్యమునకు టీకా తాత్పర్యము

ఆ.వె.
ఇంట బావి త్రవ్వ నేల యటంచును
మబ్బు నాశ్రయించి మైత్రి సేసె;
పోయ వెలయె లేదు, పుచ్చుకొనగ వెల
గలదు కడవ నింపు కాలమందు.

టీక: ఇంటన్ = స్వగృహమున, అనగా ఆఫీసు వెనుకటి ఏసీ గదిలో; బావి = సర్వరు; త్రవ్వన్ = కొని, బిగించి, కాచుకొనుట; ఏల = ఎందులకు; అటంచును = అని తలచి; మబ్బున్ = క్లౌడును; ఆశ్రయించి = నెలసరి బిల్లునకు తల యొగ్గి; మైత్రి చేసెన్ = తగ్గింపు ధరకై ఒక యేటికో మూడేండ్లకో ఒడంబడిక వ్రాసెను; పోయన్ = డేటాను లోనికి పంపుటకు; పుచ్చుకొనగన్ = వెలికి తెచ్చుకొనుటకు; కడవ = గిగాబైటు. "మైత్రి సేసె" అనుటకు "మైకమందె" అని పాఠాంతరము. అది జమాఖర్చుల గుమాస్తా ప్రతిలో మాత్రమే కానవచ్చుచున్నది.

తాత్పర్యము: కరెంటు పోయిన రేయి జెనరేటరు వద్దకు పరుగెత్తి, డిస్కు చెడిన పండుగనాడు నిపుణుని బతిమాలి తెచ్చుకొనుటకంటె, కావలసినంత అద్దెకు పుచ్చుకొనుటయే మేలని యెంచిన గృహస్థునకు, తాను పోసిన నీటికే తోడుకొనునప్పుడు మూల్యమియ్యవలసివచ్చినదని భావము.

విశేషములు: మబ్బు ఆకాశమున నుండునని భ్రమింపరాదు. మేఘసందేశమునకు సంజీవనీవ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకుసీమవాడు. ఆ సీమకు పొరుగుననే, హైదరాబాదులో, 2022లో అమెజాన్ మేఘమొకటి నేలపై వెలసినది. యక్షుని మేఘము సందేశమునకు కూలి యడుగలేదు. అమెజాన్ మేఘమన్ననో, అమెరికా ధరల పట్టిక ననుసరించి, బయటికి పోవు గిగాబైటునకు 9 సెంట్లు గైకొనును. నెలకు 10 టెరాబైట్లు తోడినవానికి సుమారు 900 డాలర్లు.

అయినను ఈ పద్యమునకు ప్రాణము వెల కాదు, "ఆశ్రయించి" యను పదము. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు నీటిని ఏ కడవలోనైనను ఒంపవచ్చును. 2012లో అమెజాన్ తెచ్చిన డైనమోడీబీ ఆ యింటి బానలోనే నిలుచును. దానికై వ్రాసిన ప్రోగ్రామును వేరొక యింట సామాన్యముగా తిరుగ వ్రాయవలసినదే. బేస్‌క్యాంప్ అను సాఫ్టువేరును నడపువారు 2022లో మేఘమునకు 32 లక్షల డాలర్లు చెల్లించి, మరుసటి యేట సుమారు 7 లక్షలకు డెల్ యంత్రములు కొని మరలిపోయిరి. వారిని చూచి గునపము భుజమున వేసికొనువారు గమనింపవలసిన దేమనగా, వారి పని నిలుకడది. యంత్రముల నెరిగిన మనుష్యులును వారి యింటనే యుండిరి. ఏడాదికొక పూట ఇంటరు ఫలితములు వెలువరించువాడు ఆ పూటకై బావి త్రవ్వుట శుద్ధ అవివేకము.

ఆక్షేపము: 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్టు మూడును విడిచిపోవు ఖాతాదారులకు డేటా వెలికి తెచ్చుకొను సుంకమును మాఫీ చేసినవి గదా, పద్యమునకు కాలదోషము పట్టలేదా? పట్టలేదు. ఆ మాఫీ మూటముల్లె సర్దుకొని పోవువానికే గాని, నిత్యము తోడుకొనువానికి గాదు. అందుచేతనే కవి "ఇల్లు విడుచు కాలమందు" అనక "కడవ నింపు కాలమందు" అనెను.