అవ్వకు ధరలు పెరగలేదు

ఢిల్లీ లెక్క ప్రకారం ఈ దేశంలో 2006 తర్వాత ముసలివాళ్లకు ఏ సరుకు ధరా పెరగలేదు. 1995లో 75 రూపాయలతో మొదలైన కేంద్ర వృద్ధాప్య పింఛను 2006లో 200కి ఎక్కి అక్కడే చతికిలబడింది. 2007లో పథకం పేరు మార్చారు, 2011లో వయసు అరవైకి దించారు. తర్వాత ప్రభుత్వం మారింది, ఆఖరికి నోట్లే మారాయి. ఆ 200 జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పెంచండి మహాప్రభో అని పార్లమెంటు స్థాయీ సంఘమే ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది.

రోజుకు ఆరు రూపాయల అరవై ఆరు పైసలు. పైసలు చెల్లవు గనక ఆరే అనుకోండి. ఇంకాస్త కావాలంటే ఎనభై నిండాలి, అప్పుడు 500 ఇస్తారు. పేదరికంలో అన్నేళ్లు బతికి చూపించినందుకు బహుమతి కాబోలు. దానికీ సీటు దొరకాలి. సుమారు 2.21 కోట్ల మంది దగ్గర కేంద్రం గీత గీసేసింది. కొత్త అవ్వ ఎక్కాలంటే పాత అవ్వ దిగాలి.

అలాగని ఢిల్లీకి ధరల సంగతి తెలియదనుకునేరు. 2025 మార్చిలో ద్రవ్యోల్బణ సూచీని భూతద్దం పెట్టి చదివి మాజీ ఎంపీల పింఛను 25,000 నుంచి 31,000 చేశారు, అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కగట్టి. ఒక్కరోజు సభ్యుడైనా చాలు, పింఛను ఖాయం. అయిదేళ్లు దాటితే, పైన ప్రతి ఏడాదికీ నెలకు 2,500 అదనం. పదవిలో ఉన్నవారు సభకొచ్చి రిజిస్టరులో సంతకం పెడితే రోజుకు 2,500. ఆ ఒక్క సంతకం, అవ్వకు ఏడాది పైచిలుకు పింఛను.

అవ్వకు సంతకం రాదు. నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమి గీతలరిగిన బొటనవేలు ఆమెది. మిషను మీద పెడితే పడదు. కొంగుకు తుడిచి, తల నూనెకు రాసి మళ్లీ పెడుతుంది. పడదు. సరే, కళ్లు చూపించమంటారు. కళ్లలో శుక్లాలు.

రాష్ట్రాలు నయమే. ఆంధ్రలో 2024 జూలై నుంచి 4,000 ఇంటికే తెచ్చిస్తున్నారు, కాకపోతే కొడుక్కి కారుందనో, కరెంటు 300 యూనిట్లు దాటిందనో అవ్వను ధనవంతురాలిని చేసే వడపోత ఒకటుంది. తెలంగాణలో 2023 ఎన్నికలప్పుడు 4,000 అన్నారు. 2025లోనూ అందింది పెళ్లి చదివింపుల్లాంటి ఆ రెండువేల పదహార్లే.

నాదో మనవి. అవ్వకు పెంచొద్దు, ఖజానా గుల్లవుతుంది. అవ్వ నిబంధనలే మాజీ ఎంపీలకూ పెట్టండి. తెల్లకార్డు తేవాలి, కరెంటు బిల్లు చూపాలి, కొడుకు కారు సంగతి చెప్పాలి. వేలిముద్రకు మాత్రం ఢోకా లేదు. గీతలరిగే పనేదీ చేసి ఉండరు గనక మొదటిసారికే పడుతుంది.